చిల్లర నాణెముల గతి

తెలుగువారు ధనమునకు పెట్టుకొన్న పేరులను పరికించినచో ఒక విశేషము గోచరించును. 'డబ్బు' అనునది ఒకప్పుడు చిన్న రాగినాణెము పేరు. 'దుడ్డు' కూడ నట్టిదే. కాసు, రూక అనునవియు చిన్న నాణెములే. తెలంగాణమున నేటికిని జనులు ధనమును 'పైసలు' అనియే వ్యవహరింతురు. రాజుల బొక్కసములలో వరాహలును మొహరీలును ఉండిన నుండుగాక; జనుల భాష మాత్రము సంతలో దినమునకు పదిమారులు చేయి మారెడి చిన్న నాణెమును పట్టుకొని, దానిపేరనే సమస్త సంపదను పిలిచినది. సామాన్యునకు ధనమనగా చేతికి తగులు చిల్లరయే. అట్టి చిల్లర నేడు ఏ ఉత్తరువును లేకుండగనే, ఎవరును బాధ్యత వహింపకుండగనే, మన కన్నులయెదుట అంతరించుచున్నది. ఇది స్వల్పవిషయమని పలువురు తలంతురు. మేము మాత్రము అట్లు తలంపజాలము.

యాబది పైసల నాణెము సంగతి చూడుడు. 2011వ సంవత్సరపు నాణెముల చట్టము ప్రకారము అర్ధరూపాయి నాణెములు పది రూపాయల మొత్తమువరకును, రూపాయియు అంతకు మించిన విలువగల నాణెములును వేయి రూపాయల మొత్తమువరకును చెల్లవలెను. యాబది పైసల నాణెమును రద్దుచేయుచు ఏ ప్రకటనయు వెలువడలేదు. అది చెల్లునని రిజర్వు బ్యాంకు చెప్పుచునే యున్నది. కాని ఆ నాణెమును గైకొని కూరగాయల యంగడికి పొండు. బస్సులో కండక్టరు చేతికిండు. తేనీటి బడ్డీలో బల్లపై నుంచుడు. పుచ్చుకొనువారు అరుదు. పుచ్చుకొననివారిని ఏలయని అడుగువారు అంతకంటెను అరుదు. చట్టమునందు బ్రతికియుండి బజారునందు చచ్చిన ఈ నాణెమునకు పూచీ ఎవరు? దానికి పట్టిన గతియే నేడు అనేక స్థలములలో రూపాయి నాణెమునకును పట్టనారంభించినది. రేపు రెండు రూపాయల నాణెమునకు పట్టదని ఎవరు చెప్పగలరు?

నాణెము మాయమైనంత మాత్రమున లెక్కలోని పైసలు మాయము కావు. అవి ఎచటికో పోవును. ఎచటికి పోవుచున్నవో విచారింపవలెను. ఒకడు అంగడిలో 47 రూపాయల 50 పైసల సరకు కొనెననుకొందము. అతడు 50 రూపాయల నోటు నిచ్చినచో రెండున్నర రూపాయలు తిరిగి రావలెను. వచ్చునవి రెండు రూపాయలే. ఒక్కొక్కచో ఆ రెండు రూపాయలును రావు. వానికి మారుగా తాను అడుగని రెండు మిఠాయిబిళ్లలు చేతిలో పడును. ఆ బిళ్లలను మరునాడు అదే యంగడికి తెచ్చి వెలగా నిచ్చినచో వర్తకుడు పుచ్చుకొనునా? పుచ్చుకొనడు. ఒక ప్రక్కనే చెల్లునది నాణెము కాజాలదు. అది కొనువాని ఇష్టము లేకుండ అంటగట్టిన సరకు మాత్రమే.

అర్ధరూపాయిలో ఏమున్నదని అడుగువారు ఈ చిన్న లెక్కను చూతురు గాక. ఒక యంగడికి దినమునకు రెండువందలమంది వచ్చి, ఒక్కొక్కరికడ అర్ధరూపాయి నిలిచిపోయినచో దినమునకు నూరు రూపాయలు. ఏటికి 36,500 రూపాయలు. కొనువానివైపునుండి చూచినచో దినమునకు అర్ధరూపాయి చొప్పున ఏటికి 182 రూపాయల 50 పైసలు. ధనికుని గృహమున ఇది లెక్కకు రాదు. దినదినమును పావుకిలో పప్పు, చిన్న పొట్లము నూనె కొనుక్కొని కాలము గడుపు కుటుంబమునకు ఇది లెక్కకు వచ్చును. నెలకొకసారి మొత్తముగా సరకులు కొనువాడు ఈ అర్ధరూపాయిని ఒక్కమారు కోల్పోవును; దినమునకు రెండుమార్లు కొనువాడు నెలకు అరువదిమార్లు కోల్పోవును. చిల్లర లేమివలన కలుగు నష్టము బీదతనముతోపాటు పెరుగునని ఇందువలన తేలుచున్నది.

2016వ సంవత్సరమున యు.పి.ఐ. విధానము ప్రారంభమైన పిమ్మట ఈ భేదము మరింత స్పష్టమైనది. చేతఫోనుతో చెల్లించువాడు 47 రూపాయల 50 పైసలనగా సరిగా అంతయే చెల్లించును. వానికి నాణెముతో పనిలేదు. పైసయైనను అతని లెక్కనుండి జారదు. అదే సరకును, అదే యంగడిలో, అదే క్షణమున నోటుతో కొనువాడు 48 రూపాయలు చెల్లించును. ఒకే వస్తువునకు రెండు వెలలు ఏర్పడినవి. హెచ్చు వెల ఎవరికి? ఫోను లేని వృద్ధురాలికి, బ్యాంకు లెక్క నడపనేరని కూలివానికి, తన సొమ్మును తన చేతితో తడిమి చూచుకొనినగాని నమ్మకము కుదురని గ్రామీణునకు. నూతన విధానమును మేము నిందించుట లేదు. దానివలన దేశమునకు కలిగిన సౌకర్యము ప్రత్యక్షము. కాని ఆ సౌకర్యము పొందనివారిపై అది తెలియని పన్నుగా పరిణమింపరాదు.

ఇందు చిన్న వర్తకునే దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. అతనికిని చిల్లర దొరకుట లేదు. బ్యాంకులో అడిగినచో రేపు రమ్మందురు. నాణెముల సంచిని బ్యాంకునకు మోసికొనిపోయి జమచేయబూనినచో లెక్కించుటకు తీరిక లేదందురు. కొనువాడు తనకడ యాబది పైసల నాణెమును పుచ్చుకొననప్పుడు తాను ఇంకొకరికడ ఏల పుచ్చుకొనవలెనని అతని వాదము. ఒకరిని జూచి ఒకరు నిరాకరించుటచే, ఎవరి తప్పును లేకుండగనే, రాజముద్ర గల నాణెము చెత్తకుప్ప పాలగుచున్నది. ఇట్టి వలయమును ఛేదింపగలిగినది ప్రభుత్వమొక్కటియే, అది ఊరకున్నది.

చిన్న నాణెములను తొలగించుటయే అపచారమని మేము వాదింపబోము. ధరలు పెరిగినకొలది అడుగునున్న నాణెము పని తగ్గుట సహజము. గవ్వలు పోయినవి, దమ్మిడీలు పోయినవి, కాణి, అర్ధణా, బేడ పోయినవి. వానికై నేడెవరును విలపించుట లేదు. నాణెమును పోతపోయుటకు లోహము కావలెను, కూలి కావలెను, రవాణా కావలెను. ఒక్క రూపాయి నాణెమును ముద్రించుటకు 1 రూపాయి 11 పైసలు వ్యయమగుచున్నదని 2018లో సమాచార హక్కు చట్టము క్రింద టంకశాల తెలిపియున్నది. తన విలువకంటె హెచ్చు వెల గల నాణెమును ఎంతకాలము ముద్రింపవలెనని ఆర్థికవేత్తలు ప్రశ్నించినచో ఆ ప్రశ్న అసంగతము కాదు. అయినను నాణెము ఒక్కమారు చేయి మారి నశించు వస్తువు కాదనియు, అది యేండ్ల తరబడి వేలమార్లు పనిచేయుననియు మరువరాదు. ఏదియెట్లున్నను, ఉంచుటకును తీయుటకును హేతువు లుండవచ్చును. ఉంచక, తీయక, చావవిడుచుటకు మాత్రము హేతువు లేదు.

నాణెముల విషయమున సందిగ్ధత యున్నపుడెల్ల మధ్యవర్తి బాగుపడుటయు, సామాన్యుడు నష్టపడుటయు మన దేశచరిత్రలో పలుమారులు జరిగినది. ఈస్టిండియా కంపెనీ కాలమున మదరాసు రాజధానిలో ఒక వరాహకు 42 ఫణములు, ఒక ఫణమునకు 80 కాసులు చొప్పున లెక్క నడచెడిది. 1818లో రూపాయి ప్రమాణనాణెమైనంతవరకు రైతు తెచ్చిన నాణెమునకు వెలకట్టువాడు షరాబు. ఈ నాణెము అరిగినదని, ఆ నాణెము పరస్థలపుదని వట్టము కట్టి మిగిలినది చేతిలో పెట్టెడివాడు. హైదరాబాదు సంస్థానమున హాలీ సిక్కా, ఇంగ్లీషువారి కల్దారు అని రెండు రూపాయలు ప్రక్కప్రక్కన నడచినవి. ఏడు హాలీలకు ఆరు కల్దారులని లెక్క. సరిహద్దు గ్రామములలో ఈ లెక్కను నోటితో గట్టునేర్పు గలవాడు బ్రతికెను. నేరనివాడు ప్రతి సంతలోను కొంత పోగొట్టుకొనెను. సంస్థానము భారతదేశమున చేరిన పిదపను ఆ నాణెములు వెంటనే పోలేదు, 1959వరకును చలామణినందుండెను. నాటి షరాబు బల్ల నేడు కనబడదు. కాని ఎవరికిని చెందని అర్ధరూపాయి ఎవరి పెట్టెలోనో పడుచున్నంతకాలము ఆ వట్టము పోయినదని చెప్పజాలము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున చిల్లరకు కరవు వచ్చెను. జనులు నాణెములను దాచుకొనసాగిరి. అవసరమునకు మించి నాణెములు కూడబెట్టుట నేరమని 1940లో ఉత్తరువు చేయవలసి వచ్చినది. ఆ యేటనే ఒక రూపాయి నోట్లును వెలువడినవి. రాగి పొదుపు చేయుటకై 1943లో నడుమ చిల్లిగల కాణిని ముద్రించిరి. పశ్చిమ దేశభాగమున కొన్ని సంస్థానములు అట్టముక్కలనే చిల్లరగా జారీచేసినవి. పరాయి ప్రభుత్వము, యుద్ధకాలము, లోహపు కరవు. అయినను చిల్లర లేక సంత నడవదని వారు గుర్తించి ఏదో యొక ఉపాయము చేసిరి. శాంతికాలమున, స్వరాజ్యమున, లోహమునకు కొదవలేని దినములలో మనము అంతమాత్రమైనను చేయలేమా?

స్వతంత్రభారతము ఈ పనిని సక్రమముగా చేసిన కాలమును లేకపోలేదు. 1955లో నాణెముల చట్టమును సవరించి, 1957 ఏప్రిలు 1వ తేదీనుండి రూపాయిని నూరు నయాపైసలుగా విభజించిరి. అంతకు పూర్వము రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 పైలు. తరతరములుగా వ్రేళ్లపై నలవడిన లెక్కను ఒక్క దినమున మార్చుట సామాన్యకార్యము కాదు. అణాకు సరిగా ఆరుంబావు నయాపైసలు రావలెను. ఆ పావును చెల్లించు నాణెము లేదు. ఆ పావు ఎవరికి పోవలెనను ప్రశ్న నాడును పుట్టినది. ప్రభుత్వము దానిని వర్తకుని ఇష్టమునకు విడువలేదు. సగమునకు మించిన భిన్నమును పెంచుటకును, సగమును అంతకు తక్కువైన దానిని విడిచిపెట్టుటకును నియమము చేసి పట్టికను ప్రకటించెను. ఒక అణాకు 6 నయాపైసలు, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. ఒకచోట కొనువానికి లాభము, ఒకచోట అమ్మువానికి లాభము. రెండును వ్రాతలో నున్నవి. పాత నాణెములు కొన్ని యేండ్లు క్రొత్తవానితో పాటు నడచినవి. జనులకు అలవాటైన పిదప 1964లో 'నయా' అను మాటను తీసివేసిరి. నాటి ప్రజలలో చదువరులు కొద్దిమంది. అయినను లెక్క బహిరంగముగా నుండుటచేత మార్పు నిర్వహింపబడినది.

పిమ్మట వచ్చిన మార్పులలో ఈ శ్రద్ధ క్రమముగా సన్నగిల్లినది. ఒకటి, రెండు, మూడు పైసల నాణెములు 1970 తరువాతి యేండ్లలో మెల్లమెల్లగా కనుమరుగైనవి. ఐదు, పది, ఇరువది పైసల బిళ్లలు బాలుర యాటవస్తువులైనవి. 2011 జూను 30వ తేదీతో పావలాయు అంతకు తక్కువ విలువ గల నాణెములును చట్టబద్ధముగా ముగిసినవి. దీనికి ముందుగా 2010 డిసెంబరులో ప్రకటన చేసి, బ్యాంకులలో మార్చుకొనుటకు గడువు నొసగిరి. అంతవరకు మెచ్చదగినదే. నాణెము పోయినను పావలా మాత్రము బీదవాని లెక్కనుండి పోలేదు. గ్రామములలో వడ్డీని నేటికిని నూటికి నెలకు ఇంతయని నాణెముల పేర్లతోనే చెప్పుకొందురు. స్వయంసహాయక సంఘముల స్త్రీలకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పెట్టిన పథకమునకు 'పావలా వడ్డీ' యనియే పేరు. నూటికి నెలకు పావలా, అనగా ఏటికి మూడు రూపాయలు. పావలాకును రూపాయికిని గల భేదము అప్పుపడినవానికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు. చిన్న మొత్తములు చిన్నవారి జీవితములలో ఎంత పెద్దవో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఇక నాణెముల రూపము సంగతి. నాణెము చదువురానివాని చేతిలోని పుస్తకము. దేశము తన్నుగూర్చి తాను చెప్పుకొను మాట దానిమీద నుండును. 1950 ఆగస్టు 15వ తేదీన స్వతంత్రభారతపు నాణెములు వెలువడినపుడు ఆంగ్లరాజు తలకు మారుగా అశోకుని సింహశీర్షము వచ్చెను. రూపాయిపై పులి పోయి ధాన్యపుకంకి నిలిచెను. అణాలపై వృషభము, పైసాపై అశ్వము వెలసెను. చూచినవానికి అర్థము చెప్పనక్కరలేదు. రాజ్యము మారినదని పల్లెటూరి రైతు తన యరచేతిలోనే చూచుకొనెను. రూపము మార్చుటకు అంతటి కారణముండవలెను.

తరువాతి కాలమున రూపములు ఇంత నిదానముగా మారలేదు. ఈ శతాబ్ది ప్రారంభమునుండి ఒకటి రెండు రూపాయల నాణెములు ఎన్ని వేషములు మార్చినవో చూడుడు. భిన్నత్వములో ఏకత్వమును సూచించుటకై గీతలు గల నాణెములు వచ్చెను. వానియందు కొందరు మతచిహ్నమును జూచి వివాదము లేవదీసిరి. 2007 మొదలు చేతివ్రేళ్ల ముద్రలు గల నాణెములు వచ్చెను: రూపాయికి బొటనవ్రేలు, రెండు రూపాయలకు రెండు వ్రేళ్లు, అర్ధరూపాయికి బిగించిన పిడికిలి. 2010లో రూపాయికి నూతన చిహ్నము నిర్ణయింపబడగా, 2011లో ఆ చిహ్నముతో మరియొక వరుస వచ్చెను. ఇచటనే గొప్ప పొరపాటు జరిగినది. 2007నాటి రూపాయి నాణెపు అడ్డుకొలత 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. 2011నాటి రెండు రూపాయల నాణెమునకును సరిగా అవే కొలతలు. పిడికిలి ముద్ర గల అర్ధరూపాయి కొలత 22 మిల్లీమీటర్లు, బరువు 3.79 గ్రాములు, 2011నాటి రూపాయి నాణెమును దాదాపు అంతయే. లోహమును ఒక్కటియే. పాతవానిని తీయకుండగనే, వాని కొలతను పై విలువగల క్రొత్త నాణెములకు ఇచ్చివేసిరి. కన్నులున్నవాడైనను తొందరలో మోసపోవును. కన్నులు లేనివాని గతియేమి?

అంధుడు నాణెమును వ్రేళ్లతో చదువును. అంచు, బరువు, వెడల్పు అతనికి అక్షరములు. రైల్వేస్టేషనులో వేరుసెనగలు అమ్ముకొను అంధుడు రెండు రూపాయలని తలచి రూపాయిని పుచ్చుకొనినచో, అతని దినపులాభము కొంత గాలికిపోయినట్లే. వానిని మోసగించినవాడు కొనువాడు కాకపోవచ్చును. నాణెమే వానిని మోసగించెను. ఈ లోపమును ప్రభుత్వమే పిదప గుర్తించినదనుట సంతోషకరము. 2019 మార్చిలో ప్రకటింపబడిన క్రొత్త వరుసలో విలువ పెరిగినకొలది కొలతయు బరువును పెరుగునట్లు ఏర్పాటు చేసిరి; ఇరువది రూపాయల నాణెమునకు పండ్రెండు అంచులు పెట్టిరి. ఇది శ్లాఘనీయము. కాని పాత వరుసలన్నియు సంచిలో అట్లే యున్నవి. మంచి నాణెము వచ్చినంత మాత్రమున చెడ్డ నాణెము చేసిన గందరగోళము తొలగదు. నోట్లను గుర్తుపట్టుటకై రిజర్వు బ్యాంకు 2020లో అంధులకు 'మణి' యను ఫోను సాధనమును ఇచ్చినది. ఆ సాధనమునకు మరల ఆ ఫోనే కావలెను. సంతలో రెండు చేతులును పనిలో నున్నవానికి తన వ్రేళ్లే నిజమైన సాధనము.

రూపములు పెచ్చుపెరుగుటవలన కలుగు అవిశ్వాసమునకు పది రూపాయల నాణెమే సాక్షి. ఈ నాణెము 14 విధములైన రూపములతో వెలువడినదనియు, అన్నియు చెల్లుననియు 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటింపవలసి వచ్చినది. రూపాయి చిహ్నము లేనిది చెల్లదని ఒకరు, గీతలు పదిహేనున్నది దొంగదని ఒకరు వదంతులు పుట్టించిరి. అనేక పట్టణములలో అంగడివారును ఆటోవారును నాణెమును చూడగనే తల యడ్డముగా త్రిప్పిరి. మన తెలుగుజిల్లాలును ఇందుకు మినహాయింపు కాలేదు. ప్రకటనలు వచ్చిన పిమ్మటను ఆ భయము పూర్తిగా తీరలేదు. ఒకే విలువకు పదునాలుగు ముఖములు పెట్టినచో ఏది తన బిడ్డయో తల్లియైనను గుర్తింపలేదు. ఉత్సవములకును జ్ఞాపకార్థములకును ప్రత్యేకనాణెములు కావలసినచో వానిని సేకరించువారికి అమ్మవచ్చును; సంతకు వచ్చు నాణెము మాత్రము ఒక తరమువరకు ఒకే ముఖముతో నుండవలెను.

నాణెముపై ఏ భాష యుండవలెనను ప్రశ్నయు ఉన్నది. కంపెనీ కాలపు మదరాసు ఫణములపై తెలుగు అక్షరములుండెను. నైజాము నోట్లపైనను తెలుగుండెను. నేటి నోటు వెనుక పదునైదు భాషల పట్టికలో తెలుగు క్రిందినుండి రెండవ వరుసలో నున్నది. నాణెమున హిందీ, ఇంగ్లీషులు మాత్రమే కలవు. రెండు వ్రేళ్ల వెడల్పు లోహముపై దేశభాషలన్నియు పట్టవు. పట్టవలెనని మేము పంతగింపము. కాని అన్ని భాషలకును చోటు లేనపుడు అన్ని భాషలవారికిని తెలిసిన ఆకారమునకు, అంకెకు ప్రాధాన్యమీయవలెను. అలంకారము తగ్గించి అంకెను పెద్దది చేయుడు. అంచులను భిన్నముగా చేయుడు. తెలుగువాడు, ఒరియావాడు, చదువరి, నిరక్షరాస్యుడు, అంధుడు అందరును సమానముగా చదువు భాష అదియే. 1803లో స్థాపితమై, నేడు చర్లపల్లిలో నక్షత్రచిహ్నముతో నాణెములు ముద్రించుచున్న మన హైదరాబాదు టంకశాల పనివారికి ఈ నేర్పు కొత్తది కాదు. కావలసినది పైవారి నిర్ణయము.

పరదేశములు ఈ సమస్య నెట్లు తీర్చినవో చూచుట అనుచితము కాదు. కెనడావారు 2013 ఫిబ్రవరి 4వ తేదీనుండి ఒక సెంటు నాణెము పంపిణీని మానిరి. మానుటకు ముందే ఒక పద్ధతిని ప్రకటించిరి: వస్తువు వెలను మార్చరాదు; పన్నులతో కలిసిన తుది మొత్తమును మాత్రమే, అదియు రొక్కముగా చెల్లించునపుడు మాత్రమే, దగ్గరనున్న ఐదు సెంట్లకు సరిచేయవలెను. ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి. ఆస్ట్రేలియావారు 1992 మొదలు ఒకటి, రెండు సెంట్లను తీసిరి. న్యూజీలాండువారు 1990లో వానిని, 2006లో ఐదు సెంట్లను తీసిరి. అమెరికావారి మార్గము ఇంత నిదానమైనది కాదు. 1793నుండి ముద్రించుచున్న సెంటు నాణెమునకు ఒక్కొక్కదానికి 3.69 సెంట్లు వ్యయమగుచున్నదని చెప్పి, 2025 నవంబరు 12వ తేదీన ఫిలడెల్ఫియాలో చలామణి కొరకైన ముద్రణను ముగించిరి. మొత్తమును ఎట్లు సరిచేయవలెనో దేశమంతటికిని ఒక్క నియమము ముందుగా లేకపోవుటచే వర్తకులు ఏమిచేయుటకును తోచక ప్రభుత్వమువైపు చూచిరి. అచట నివసించు మన తెలుగువారు లక్షలమంది ఈ రెండవ పాఠమును కన్నులార చూచియుందురు. నాణెమును ఆపుట సులభము. దాని స్థానమున నియమమును నిలుపుట కావలసిన పని.

అట్టి నియమమునకై మనము పరదేశమునకు పోనక్కరలేదు. మన జి.ఎస్.టి. చట్టమున 170వ విభాగమున ప్రభుత్వము తన పన్ను విషయమున ఒక సూత్రము చేసికొన్నది. యాబది పైసలుగాని అంతకు మించిగాని యున్నచో రూపాయిగా పెంచవలెను, తక్కువైనచో విడువవలెను. తనకు రావలసిన పైసలకు ఇంత స్పష్టమైన లెక్క వ్రాసికొన్న ప్రభుత్వము, ప్రజలకు రావలసిన పైసలకు లెక్క వ్రాయకుండుట తగునా? మరియొకటి. 2023 మే 19వ తేదీన రెండువేల రూపాయల నోటును ఉపసంహరించినపుడు మొదట సెప్టెంబరు 30వరకును, పిదప అక్టోబరు 7వరకును బ్యాంకులలో మార్చుకొనుటకు గడువిచ్చిరి. ఆ పిమ్మటను హైదరాబాదు మొదలగు రిజర్వు బ్యాంకు కార్యాలయములలో ద్వారములు తెరచియుంచిరి. పెద్ద నోటు గలవానికి చూపిన ఈ మర్యాద న్యాయమే. చిన్న నాణెము గలవానికి అందులో పాతికవంతైనను దక్కవలదా?

కావున మేము కోరునది ఇది. మొదటిది, యాబది పైసల నాణెము విషయమున ప్రభుత్వము నిజము చెప్పవలెను. అది చెల్లవలసినదైనచో బ్యాంకులు దానిని అడ్డుచెప్పక పుచ్చుకొని, చిల్లర కోరిన వర్తకునకు ఈయవలెను. చెల్లరానిదైనచో తేదీ ప్రకటించి, కనీసము ఒక సంవత్సరము గడువిచ్చి, ప్రతి బ్యాంకుశాఖలోను తపాలకార్యాలయములోను పూర్తి విలువకు మార్చి ఈయవలెను. రెండవది, రొక్కపు బేరములలో తుది మొత్తమును సరిచేయు నియమమును చట్టముగా చేయవలెను. వస్తువు వస్తువునకు కాక మొత్తమునకు ఒక్కమారే సరిచేయవలెను. సరిగా సగము వచ్చినపుడు ఆ సగము కొనువానికే చెందవలెను. ఏలయన, వెల నిర్ణయించు శక్తి అమ్మువాని చేతనున్నది. కొనువానిచేత నేమియు లేదు. మూడవది, చిల్లరకు మారుగా కొనువాని సమ్మతి లేకుండ సరకు నిచ్చుట నిషేధింపవలెను. నాలుగవది, ఒకే కొలత గల భిన్నవిలువల నాణెములను క్రమముగా బ్యాంకులద్వారా వెనుకకు తీసి కరగింపవలెను. ఐదవది, ఇకముందు ఏ రూపము మార్చినను ముందుగా అంధుల సంఘములను, చిన్న వర్తకులను, బస్సు కండక్టర్లను పిలిచి వారి చేతులలో ఆ నాణెములనుంచి చూడవలెను. చిత్రకారుని బల్లపై అందముగా కనబడు నాణెము సంధ్యాసమయమున సంతలో ఎట్లుండునో వారే చెప్పగలరు.

ప్రజలకును కర్తవ్యము లేకపోలేదు. పది రూపాయల నాణెము ఏ ముఖముతో నున్నను పుచ్చుకొనుడు. ఇంటిలో డబ్బాలలో పడియున్న రూపాయి, అర్ధరూపాయి నాణెములను బయటికి తెండు. చిల్లర కరవు కొంతవరకు మన యటుకలమీదనే దాగియున్నది. మిఠాయిబిళ్ల చేతిలో పెట్టినచో మర్యాదగా తిరిగి యిచ్చి చిల్లర నడుగుడు. అడుగుట పిసినారితనమని సిగ్గుపడువారు కలరు. తన సొమ్మును తానడుగుట పిసినారితనము కాదు. ధనవంతుడు సిగ్గుచేత విడిచిన అర్ధరూపాయి ఆచారమై, బీదవాడు విధిలేక విడువవలసిన అర్ధరూపాయియగును. వర్తకసంఘములవారును తమ యంగళ్లలో చిల్లర నెట్లు సరిచేయుదురో బోర్డుమీద వ్రాసి తగిలించినచో, చట్టము వచ్చువరకును కొంత న్యాయము జరుగును.

మన శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును కోట్ల లెక్కలు చర్చింతురు. ఆ కోట్లును ఒక్కొక్క రూపాయిగా, ఒక్కొక్క పైసగా ప్రజలనుండి వచ్చినవే. రాబోవు పార్లమెంటు సమావేశమునందు తెలుగుసభ్యులలో ఒక్కరైనను లేచి, యాబది పైసల నాణెము చెల్లునా చెల్లదా, చెల్లనిచో ఆ యాబది పైసలు ఎవరివి అని ఆర్థికమంత్రిని సూటిగా ప్రశ్నింతురుగాక. సమాధానము ఏదైనను సరియే. అది వ్రాతమూలకముగా, తేదీతోకూడ, ప్రజలకందరకు తెలియునట్లు రావలెను.